ముందు మంచినీళ్లు అడగాలి

ఆండాలు టీచర్ గురించి చెప్పాలంటే ముందు నా కోపం గురించి చెప్పాలి. యాకుత్‌పురా స్టేషన్ పక్కనున్న నేను టీచరుగా పనిచేసిన ప్రైమరీ బడికి ఆవిడ ఏటా ట్రైనింగ్ స్కూలు నుంచి ఒక మందను వెంటేసుకుని వచ్చేది. కాబోయే టీచర్లు. మా పిల్లలకు పాఠాలు చెప్పి పని నేర్చుకోవాలి. సరే, నేర్చుకోండి, ఎవరొద్దన్నారు? కానీ పాఠాలు మొదలైన వారంలోనే ఒక్కొక్కరూ పిల్లల ఇళ్లకు పోయి రావాలని ఆవిడ పట్టు. పోయినచోట చదువు మాట ఎత్తక ముందే మంచినీళ్లు అడిగి తాగాలట! చార్టులు గీయడం నేర్పుతారు, సైకాలజీ నేర్పుతారు, నీళ్లు తాగడం కూడా నేర్పాలా? ఒకరోజు ఉండబట్టలేక మొహం మీదే అడిగేశాను.

“టీచరమ్మ ఇంటికొస్తే ఏం తప్పు వట్టనీకి వచ్చిందో అని తల్లులు బుగులు వడ్తరు నాగమణక్కా,” అంది నవ్వుతూ. “దూపయితుంది, జర నీళ్లియ్యమంటే గప్పుడు మనకే వాళ్లతోని పని వడ్డట్టు. గా తర్వాత ముచ్చట వెడ్తే అసలు సంగతి చెప్తరు.”

ఆ పట్టు ఆవిడకు ఊరికే రాలేదు. వాళ్ల నాన్న చార్మినార్ దగ్గర దువ్వెనలు అమ్మేవాడు. నిజాం రోజుల్లో బడి అంటే ఉర్దూ చదువే. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట వినని పిల్ల, బళ్లో ఏమడిగినా నోరు విప్పేది కాదు. మొండిఘటమని వీపు మీద దంచేవారట. చివరికి కొత్తగా వచ్చిన ఒక ఉస్తానీ, అదే ఉర్దూ పంతులమ్మ, ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, గడపలో కూర్చుని నీళ్లు అడిగి తాగి, అమ్మతో సైగలతో తిప్పలు పడి మాట్లాడింది. పిల్లకు మొండితనం కాదు, భాషే రాదని అప్పుడు బోధపడింది. “మర్నాటి సంది నాకు దెబ్బల్లేవు,” అని చెప్పేది ఆండాలు. టీచరైంది, టీచర్లను తయారుచేసే టీచరూ అయింది. ఆ గ్లాసెడు నీళ్లను మాత్రం వదల్లేదు.

డెబ్బై ఆరులో వచ్చిన వాళ్లలో విమలాదేవి అనే అమ్మాయి ఉండేది. బేగంబజార్‌లో తాతల కాలం నాటి ఇత్తడి సామాన్ల దుకాణం వాళ్లది. చురుకైన పిల్ల, బొమ్మలు మా చక్కగా గీసేది. ఆమె వంతుకు వచ్చిన ఇళ్లలో ఇశ్రాయేలు ఇల్లు ఒకటి. ఇశ్రాయేలు రైల్వేలో గ్యాంగ్‌మన్. కూతురు రూతుకు ఎనిమిదేళ్లు. పసితనంలో జ్వరం వచ్చి చెవులు దాదాపు పోయాయి. పెద్ద చప్పుళ్లు తప్ప వినపడవు. మా బళ్లో వెనక వరసలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తుండేది.

విమల శనివారం నాడు పోయింది. రూతు తల్లి లీలమ్మ సంబరపడి చాప వేసి, నీళ్లిచ్చి, చాయ్ పెట్టింది. ఈ మహాతల్లి, “ఇయ్యాల శనివారం, నాకు ఒక్కపొద్దు. ఏం ముట్టను,” అని రెండూ పక్కకు జరిపి వచ్చేసింది.

సోమవారం రూతు బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు. స్టేషన్ గేటు దగ్గర కనబడితే ఇశ్రాయేలును పిలిచి అడిగాను.

“మా ఇంట్ల నీళ్లు ముట్టనోళ్ల తాన మా బిడ్డకేం చదువస్తది టీచరమ్మా?” అన్నాడు, తల పక్కకు తిప్పుకుని. “పూసలు గుచ్చే పన్ల వెడ్తమంటుంది వాళ్లమ్మ.”

మా హెడ్మాస్టరు విశ్వేశ్వర్ గారికి ఇది మరీ సులువైపోయింది. నెలాఖరు దాకా చూసి పేరు తీసేద్దాం, ఎటూ ఆ పిల్లకు వినపడదు కదా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వినపడకపోతే బడి వద్దా? ఒకసారి పేరు పోతే ఆ పిల్లను మళ్లీ ఎవరు చేర్చుకుంటారు?

సంగతి చెబితే ఆండాలు కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. విమలను నా ఎదుటే కూర్చోబెట్టి అడిగింది.

“ఒక్కపొద్దంటే ఏం ముట్టవా బిడ్డా?”

“ముట్టను టీచర్. మా నానమ్మ చిన్నప్పటి సంది గట్లనే అలవాటు చేసింది.”

“ఆ దినం పొద్దుగాల మీ ఇంట్ల చాయ్ తాగినవా?”

“తాగిన,” అంది విమల, నేల చూస్తూ. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. కావాలని చేయలేదు పాపం. ఒక్కపొద్దనే తనూ నమ్మింది. ఇంటి చాయ్ ఎందుకు లెక్కలోకి రాలేదో, లీలమ్మ చాయ్ ఎందుకొచ్చిందో అంతవరకు తనను ఎవరూ అడగలేదు.

“ఏడిస్తే ఏమొస్తది? పా, పోదాం,” అని ఆండాలు లేచింది. నన్ను కూడా లాక్కుపోయింది.

పట్టాల పక్కనే ఇల్లు. లీలమ్మ గుమ్మంలోనే నిలబడింది. ఈసారి చాప లేదు.

“అమ్మా, దూపయితుంది. జర నీళ్లిస్తవా?” అంది విమల.

“మా ఇంట్ల నీళ్లు లేవు.”

ఆమె వెనక నిండు కుండ మా ముగ్గురికీ కనబడుతూనే ఉంది. నాకైతే తల కొట్టేసినట్టయింది. విమల మాత్రం కదల్లేదు. “ఒక్కపొద్దు అని అబద్ధం చెప్పిన. ఆ దినం పొద్దుగాల మా ఇంట్ల చాయ్ తాగే వచ్చిన,” అంది.

“గది నాకు ఆ దినమే ఎర్క,” అంది లీలమ్మ. వీధి కొళాయి వైపు చూపి, “నల్లా వస్తది. ఆగుతే ఆగు,” అంది.

ఆగాం. నల్లా వచ్చింది, వీధంతా లొల్లి. బేగంబజార్ పిల్ల కొంగు బిగించి లీలమ్మ బిందె పట్టుకుని వరసలో నిలబడింది. అంతలో రైలు వచ్చింది. చెవులు చిల్లులు పడే ఆ మోతకు నల్లా దగ్గర ఆడవాళ్లంతా మాటలు ఆపేశారు. ఆపనిది ఇద్దరే. లీలమ్మ కూతురి ఎదుటికి వంగి, నోరు స్పష్టంగా కదుపుతూ, చేత్తో చూపిస్తూ ఏదో చెబుతోంది. రూతు ఆ పెదవుల మీంచి చూపు తిప్పకుండా గలగలా జవాబిస్తోంది. రైలు వెళ్లిపోయేదాకా వాళ్ల ముచ్చట సాగుతూనే ఉంది.

“టీచర్, నేను బోర్డు దిక్కు తిరిగి పాఠం చెప్పిన,” అంది విమల ఆండాలు చెయ్యి గట్టిగా పట్టుకుని. “పిల్లకు నా మొకమే కనవడలే!”

నిండిన బిందెను ఇంట్లో దించాక లీలమ్మ గ్లాసు ముంచి ఇచ్చింది. విమల గుటగుటా తాగి, “ఇంకో గ్లాసు,” అంది. లీలమ్మకు నవ్వొచ్చేసింది. తర్వాతి సోమవారం రూతు వచ్చి ముందు వరసలో కూర్చుంది. విమల ముందు బోర్డు మీద రాసి, తర్వాత పిల్లల వైపు తిరిగి మాట్లాడేది. మా హెడ్మాస్టరు పేరు తీసేసే మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ అలాగే చెప్పడం మొదలుపెట్టాను, ఎవరూ అడక్కుండానే.

ఆండాలు రిటైరైంది. ఆవిడ కుర్చీలోకి విమలే వచ్చింది. నేనూ రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఆ నీళ్ల పద్ధతి ఇక ఎక్కడిది, కొత్తవాళ్లకు అంత ఓపికెక్కడిది అనుకునేదాన్ని. మాకు వేరే ఫికర్ పట్టుకుంది. మనవరాలు శ్యామలకు నత్తి. బళ్లో వెక్కిరిస్తారని కొత్తవాళ్లెవరొచ్చినా వంటింట్లో దాక్కునేది. మేమూ తక్కువ వాళ్లమా, అది ఒక్క మాట మొదలుపెడితే మిగతాది మేమే పూర్తి చేసేవాళ్లం.

ఎనభై ఏడులో ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చేతి సంచీతో, చెవికి మిషను పెట్టుకున్న ఒక అమ్మాయి నిలబడి ఉంది.

“శ్యామల వాళ్ల ఇల్లు ఇదేనా అమ్మా? ట్రైనింగ్ స్కూల్ నుంచి వచ్చిన,” అంది కొంచెం ముద్దగా పలికే గొంతుతో. నా పెదవుల వైపే చూస్తోంది. “దూపయితుంది. జర నీళ్లిస్తరా?”

ఆ చూపు నాకు తెలుసు. రూతు! నన్ను గుర్తుపట్టి నవ్వింది కూడా. నేను కదిలేలోపే శ్యామల వంటింట్లోంచి గ్లాసుతో వచ్చింది. రూతు నీళ్లు తాగి గ్లాసు ఇచ్చి, పిల్ల ఎదుట చాప మీద కూర్చుంది.

“ఇ... ఇం... ఇంకొ...” అంది శ్యామల. అలవాటు కొద్దీ మిగతా మాట నేను అందించబోయాను. రూతు నా వైపు చూడనే లేదు. పిల్ల పెదవుల మీద చూపు నిలిపి, తొందరపెట్టకుండా, ఆఖరి అక్షరం దాకా ఆగింది.

“...ఇంకొంచెం కా... కావాల్నా?”

“కావాలె బిడ్డా,” అంది రూతు.