బీడీ మింగిన అల్లుడు

పోయిన ఆదివారం పొద్దున టీ గ్లాసు పక్కన పెట్టి "మామా" అని పిలిస్తే మా మామ పలకలేదు. నా భర్త తండ్రి ఆయన. మార్కాపురంలో పలకలు కోసే పనిలో రాతిపొడి పీల్చి పీల్చి, ఎన్నో ఏళ్ళు దగ్గుతో అవస్థపడ్డారు. చివరికి ఊపిరి కోసం కొట్టుకోకుండా నిద్రలోనే వెళ్ళిపోయారు. ఏడుపు వస్తున్నా, ఆ సంగతి తలచుకుంటే మనసు కుదుటపడుతోంది. చదివేవాళ్ళకు ఆయన ఎవరో తెలియదు. కొంచెమైనా తెలియాలని రాస్తున్నాను.

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. నేను కాపురానికి వచ్చేనాటికే అత్త లేదు. నా భర్త పొద్దున్నే పనికి వెళితే ఇంట్లో మామా, నేనూ. మా వైపు కోడలు మామకు ఎదురుపడి మాట్లాడదు. నేను అసలే నోరులేనిదాన్ని. ఆయన ఇంట్లోకి వచ్చే ముందు గుమ్మం దగ్గర ఒకసారి దగ్గేవారు, నేను లోపలికి తప్పుకోవడానికి. నిజం దగ్గు వేరు, ఆ దగ్గు వేరు. నాకు తెలిసిపోయేది.

మరి కావలసినవి ఎలా అడగాలి? అందుకు ఆయనకు ఒక కప్ప ఉండేది.

నీళ్ళతొట్టి పక్కన పరిచిన పలకరాళ్ళ సందులో దాని కాపురం. వానాకాలం ఉసిళ్ళు లేచినప్పుడు మామ ఒక్కొక్కటే పట్టి, వేలితో చిమ్మేవారు. అది కింద పడకముందే అందుకునేది. ఆయనకు కూతుళ్ళు లేరు కాబట్టి దానికి అల్లుడని పేరు పెట్టారు. "కదలడు, మెదలడు. టైముకు తిండి మాత్రం కావాల నాయనకు!" అని ఎగతాళి చేసేవారు.

నాతో చెప్పాలనుకున్నదంతా దానితో చెప్పేవారు. "అల్లుడూ, ఈ పొద్దు కూర ఏందంట?" అంటే నేను గోంగూర కట్టను గుమ్మం దాకా జరిపేదాన్ని. "అల్లుడూ, మీ చెల్లెలికి జ్వరం గదా, మాత్ర గూట్లో పెట్టినా" అంటే వెళ్ళి వేసుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి ఉంది. మామ అరుగు మీద బీడీ కాలుస్తున్నారు. అప్పటికే కంటికి పొర కమ్మింది. కాల్చడం అయ్యాక, అలవాటు చొప్పున ముక్కను వేలితో చిమ్మారు. అల్లుడు ఎగిరి అందుకున్నాడు. ఉసిళ్ళు పెట్టే చేయి కదా అది.

ఆయన చూడలేదు. గుమ్మంలోంచి నేను చూశాను. కప్ప రెండుసార్లు నోరు తెరిచి, రాయి మీద చతికిలబడింది. చెప్పడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. గిన్నె చప్పుడు చేశాను. గాజులు ఆడించాను. "అల్లుడూ, అన్నం అయినట్టుంది, పిలుస్తాండారు" అని ఆయన నవ్వుతున్నారు. ఇక ఆగలేకపోయాను.

"మామా! అల్లుడు బీడీ మింగినాడు!"

ఆయన ఉలిక్కిపడి చూసింది కప్పను కాదు, నన్ను. గోడ మీదుగా పక్కింటి పెద్దావిడ తల పైకి లేచింది. "నీకు నోరుందా మే? ఇన్నాళ్ళూ మూగదానివనుకుంటి!"

"నువ్వుండు వదినా!" అని కసిరి, మామ నా వైపు తిరిగారు. "నీళ్ళు తే అమ్మా. నువ్వే పట్టుకో, నా చేతులంతా పొగాకే. చేతులు తడుపుకో. పొట్ట నొక్కొద్దు."

అప్పటిదాకా కప్పను తాకి ఎరుగను. కళ్ళు మూసుకొని పట్టుకున్నాను. అరచేతిలో దాని గుండె కొట్టుకుంటోంది. పళ్ళెంలో నీళ్ళు పోసి కూర్చోబెట్టాను. దాని నోరు తెరిపించబోతే బిగబట్టుకుంది. నీళ్ళు మార్చాను, మళ్ళీ మార్చాను. దాని కళ్ళు మూతపడుతున్నాయి. "నా చేత్తోనే చంపితినే. నన్ను నమ్మే గదా నోరు తెరిచినాడు" అంటున్నారు మామ.

అంతలో కప్ప ఒళ్ళంతా ఒక్కసారి ఎగదన్నింది. నోట్లోంచి గులాబీరంగు తిత్తిలాంటిది బయటికి వేలాడింది.

"మామా, పేగులొచ్చినాయి!"

"అయిపోయినాడు" అని ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

నేను చూస్తూనే ఉన్నాను. ముక్కు కారే పిల్లాడు మూతి తుడుచుకున్నట్టు, కప్ప ముందుకాలు ఎత్తి ఆ తిత్తిని తుడుచుకుంది. ఇంకోసారి తుడిచింది. బీడీముక్క నీళ్ళలో పడింది. తిత్తిని గుటుక్కున మింగి, కళ్ళార్పింది.

"చూడు మామా! కడుపు బయటికి తీసి, కడుక్కొని మళ్ళీ లోపల పెట్టుకున్నాడు!"

ఆయన తువ్వాలు తీసి పళ్ళెం మీదికి వంగి చూశారు. తరవాత ఊపిరంతా వదిలి, "మనకూ ఆ వీలుంటే ఎంత బాగుండు! ఊపిరితిత్తులు బయటికి తీసి, తొట్టికాడ ఉతికి, దండెం మీద ఆరేసుకుందును" అన్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకొని నవ్వాను.

ఆయన బీడీ మానలేదు. ముక్కను మాత్రం నీళ్ళడబ్బాలో ముంచి పారేసేవారు. అల్లుడు ఇంకా కొన్ని వానాకాలాలు మా ఇంటి తిండి తిన్నాడు. నేను ముభావంగా ఉన్న రోజు మామ ఊరుకునేవారు కాదు. "కక్కెయ్ అమ్మా. కడుపులో పెట్టుకుంటే అదీ బీడీముక్కే" అనేవారు. మా నాయన తరవాత నా మాట అంత ఓపికగా విన్నది ఆయనే.

బీడీ మింగిన ఆ రోజు, కప్ప మళ్ళీ రాళ్ళ సందులోకి దూకాక వాన మొదలైంది. మామ సబ్బుతో చేతులు కడుక్కొని వచ్చి, నా వైపే చూసి, "ఆకలిగా ఉండాది అమ్మా, ఇద్దరికీ వడ్డించు" అన్నారు. అరుగు మీద ఎడంగా, పక్కకు తిరిగి కూర్చున్నాను. చూరునీళ్ళు నా కంచం అంచున పడుతున్నాయి. ఆయన తన కంచాన్ని చూరునీళ్ళు పడే అంచుకు జరుపుకొని, లోపలి చోటు నాకు వదిలారు. ఆయన పప్పన్నంలో చినుకులు పడుతున్నాయి. ఆయన తింటూనే ఉన్నారు.