గుర్రాన్ని కట్టేసిన కడియం

ఆ నల్లరాయిని భద్రమ్మ రోజూ కొంగుతో తుడిచేది. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ముసాఫిర్ బంగ్లాను మ్యూజియం చేసిన రెండేళ్ళ నుంచీ అక్కడ ఊడ్చే పని ఆమెదే. దొరలు పడుకున్న మంచాలనూ, తిన్న పింగాణీ పళ్ళేలనూ పైపైన దులిపి వదిలేసేది. వరండా గోడకున్న ఇనుప కడియం కింద ఆ రాయి దగ్గర మాత్రం చేయి నెమ్మదించేది. దానిమీద తన తాత సంగతి చెక్కారని ఆమె నమ్మకం. చదువు రాదు మరి.

తాత పేరు సారయ్య. దొర బగ్గీ ముందు దివిటీ పట్టుకుని పరుగెత్తే వెట్టివాడు. బంగ్లా బట్లరు అలాంటివాళ్ళను గుర్రాలనేవాడు. "రేపటికి నాలుగు గుర్రాలు కావాలె" అంటే ఊళ్ళోంచి నలుగురు మగవాళ్ళు రావాలన్నమాట. పారిపోతారని అనుమానముంటే ఆ కడియానికి కట్టేసేవాళ్ళు. చలిజ్వరంతో వణుకుతున్న సారయ్యనూ అలాగే కట్టేశారు. తెల్లారి తాడు విప్పితే మనిషి పక్కకు ఒరిగిపోయాడు. ఆయన పెళ్ళాం బతికినన్నాళ్ళూ "గుర్రాన్ని కట్టేసినట్టు కట్టేసి సంపిండ్రు" అని కూడా అనలేదు. "గుర్రాన్ని కట్టేసి సంపిండ్రు" అనే అంది. ఎంత పాడు మాటో చూడండి, ఆ ఇంట్లో అదే వాడుకైపోయింది.

మ్యూజియం పెట్టేటప్పుడు ఆఫీసర్ జయప్రకాశ్ ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ ఈ కడియం దేనికని అడిగాడు. భద్రమ్మ పొంగిపోయింది. ఇన్నేళ్ళకు అడిగేవాడొకడు దొరికాడు! "గుర్రాన్ని కట్టేసేటోళ్ళు సారూ" అని ఇంట్లో అన్నట్టే అనేసింది. ఆయన చాలన్నాడు. ఆ తర్వాతే కడియం కింద అక్షరాలు చెక్కిన ఆ నల్లరాయి పెట్టించాడు.

మొన్న టేకులపల్లి బడిపిల్లలు చూడ్డానికొచ్చారు. ఒక పిల్ల రాయిమీద ఉన్నది పైకి చదివింది.

"దొరల గుర్రాలను కట్టేసిన కడియం."

భద్రమ్మ చీపురు కింద పడేసింది. రెండేళ్ళుగా తను తుడిచింది ఇదా! అప్పటికప్పుడే ఆఫీసర్ గదికి పోయింది.

"సారూ, గుర్రమంటే గుర్రం కాదు, మనిషి. మా తాత. ఆయన పేరు రాయించుండ్రి."

"నువ్వు చెప్పిందే రాయించాం కదమ్మా, రికార్డింగ్ కూడా ఉంది. ఇప్పుడు మనిషంటే ఎట్లా? కాగితం ఏమన్నా ఉందా?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నిజమే. కానీ తాడుతో కట్టేసినవాడు ఎక్కడైనా రసీదు రాసిస్తాడా?

ఆమె వరండాలోకి తిరిగొచ్చేసరికి ఆ పిల్ల కడియం పట్టుకుని ఊపుతోంది. మిగతావాళ్ళు సకిలిస్తున్నారు.

"గీడ కట్టేసిన గుర్రం పేరేంది అవ్వా?" అనడిగింది ఆ పిల్ల.

"సారయ్య."

"గుర్రానికి మనిషి పేరా!" పిల్లలంతా ఒకటే నవ్వు.

"మా తాత బిడ్డా," అంది భద్రమ్మ. "గీడనే సచ్చిపోయిండు."

ఆ పిల్ల కడియం వదిలేసింది.