మౌంట్ రోడ్డు శనివారాలు

మార్కాపురం బస్టాండు ఎదురుగా ఒక కాఫీ హోటలు ఉంది. అక్కడి బల్లల మీద చెక్కకు బదులు ఈ ఊళ్ళో దొరికే పలకరాయే పరిచారు. సర్వరు కాఫీ గ్లాసు తెచ్చి ఆ రాయి మీద పెడితే ఠక్కుమని చప్పుడవుతుంది. మందుల షాపుకు వచ్చినప్పుడల్లా నేను ఆ చప్పుడు వినడానికే లోపలికి పోతాను. కాఫీ కోసమని చెబితే అబద్ధమే, దాన్లో చికోరీ పొడి తప్ప ఏమీ ఉండదు. చప్పుడు వినగానే మద్రాసు గుర్తొస్తుంది, దీపాలు వెలిగిన మౌంట్ రోడ్డు గుర్తొస్తుంది, నా మణికట్టు పట్టుకున్న రాహేలు చిన్నమ్మ గుర్తొస్తుంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసి ఉంటే మరిచిపోయేవాళ్ళు కాదు.

చిన్నమ్మ అంటే మా అమ్మకు తోడబుట్టిన చెల్లెలేమీ కాదు. మా పల్లెలో అందరం వరసలు పెట్టి పిలుచుకునేవాళ్ళం, అంతే. ఇప్పుడు ప్రకాశం జిల్లా అంటున్నారు గాని అప్పుడు మాది కర్నూలు జిల్లా. దొనకొండకు దగ్గరలో, ఊరికి ఎడంగా, మెట్టచేల అంచున ఉండేది మా క్రైస్తవుల పల్లె. మిషను వాళ్ళు కట్టిన గుడీ, దాని పక్కన బడీ, ఆ రెండే మాకు గొప్పలు. పెద్దవాళ్ళందరూ ఊళ్ళో రైతుల చేలకు కూలికి పోయేవాళ్ళు. ఆ బడిలో చదువుకుని మద్రాసు పోయి పెద్దాసుపత్రిలో నర్సయినది మా వాళ్ళలో రాహేలు చిన్నమ్మ ఒక్కతే. ఆమె సెలవుకు వచ్చి రైలు దిగితే గంజిపెట్టిన చీర, మడమ ఎత్తు చెప్పులు, పల్లె మొదట్లోకే వచ్చేసే ఓడికొలోను సెంటు వాసన. మా నాయన "అదిగో, దొరసాని దిగింది" అని ఎగతాళి చేసేవాడు. చేస్తూనే ఆమె తెచ్చిన బిస్కెట్లకు అందరికంటే ముందు చెయ్యి చాచేవాడు.

నేను ఎనిమిదో తరగతి పాసయిన ఏడు ఆమె మా నాయనను కూచోబెట్టి అడిగింది.

"దీనమ్మ ఇక్కడుంటే ఏం చేస్తాదన్నా? శనక్కాయ చెట్లు పీకుతాది. నాతో పంపు. నర్సును చేస్తా."

"ఆ ఊళ్ళో ఈ పిల్ల బతకగలదా?" అన్నాడు నాయన.

"నేను బతకలా?"

అంతటితో నా ప్రయాణం ఖాయమైంది. బెజవాడలో బండి మారి, కిటికీ పక్కన కూర్చుని, మద్రాసు వచ్చేదాకా ఆమె చెప్పిన కబుర్లన్నీ తిండి గురించే. రోగుల గురించి గాని, చదువు గురించి గాని ఒక్క మాట లేదు. మౌంట్ రోడ్డులో ఫలానా బేకరీలో కేకు ఎంత మెత్తగా ఉంటుంది, ఐస్‌క్రీము ఎట్లా కరుగుతుంది, కాఫీ హోటల్లో హల్వా నేతిలో మెరుస్తుందంట, అక్కడి కాఫీ వాసన ట్రాము ఎక్కేదాకా మనతోనే వస్తుందంట. ఇంత తిండి యావ ఉన్న మనిషి రోగులకు ఏం చాకిరీ చేస్తుందా అని నాకు అప్పట్లో అనుమానం కూడా వచ్చింది. తర్వాత చూశాను. ఆమె వార్డులోకి అడుగుపెడితే మూలిగే రోగి కూడా కాస్త సర్దుకుని పడుకునేవాడు.

నా సంగతే బాగాలేదు. ట్రైనింగులో చేర్చుకుని కొన్నాళ్ళు చూసి, పనికొస్తే ఉంచుతారు, లేకపోతే ఇంటికి పంపుతారు. ఒకరోజు మధ్యాహ్నం ఒక ముసలమ్మ మంచినీళ్ళు అడిగింది. ఎవరో చెట్టిగారి తల్లి. రెండు చేతులూ పొయ్యి మంటకు కాలి, కట్లు కట్టి ఉన్నాయి. నేను గ్లాసుతో నీళ్ళు తెచ్చి, మంచం పక్క స్టూలు మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాను. ఆమె గ్లాసు వంక చూసింది, నా వంక చూసింది. "తాగించు తల్లీ" అంది. నా కాళ్ళు కదలలేదు.

ఎందుకు కదలలేదో మా పల్లెవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మీకు చెప్పాలి. దొనకొండలో టీ కొట్టు చూరులో మా కోసం విడిగా ఒక గ్లాసు దోపి ఉండేది. అది మేమే తీసుకోవాలి, వాళ్ళు పైనుంచి పోస్తే పట్టుకోవాలి, బయట మట్టిలో కూర్చుని తాగాలి, మేమే కడిగి మళ్ళీ చూరులో దోపాలి. ఊళ్ళోవాళ్ళ బావి మేము తాకకూడదు, వాళ్ళ చెంబు తాకకూడదు. పుట్టినప్పటి నుంచి అట్లా పెరిగినదాన్ని, ఒక చెట్టిగారి తల్లి నోటికి నా చేత్తో గ్లాసు ఎట్లా అందిస్తాను? ఆమె వద్దనలేదు. నా చెయ్యే వద్దంది.

అదే సమయానికి నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ దొరసాని వార్డులోకి వచ్చింది. ఆమె తన చేత్తోనే ముసలమ్మకు నీళ్ళు తాగించి, చిన్నమ్మను పిలిచి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. సాయంత్రం హాస్టలు మెట్ల మీద చిన్నమ్మ నాకు తెలుగులో చెప్పింది.

"రోగికి నీళ్ళు తాగించలేని పిల్ల నర్సెట్లయితాది అని అడుగుతుండాది. నెలాఖరు దాకా చూస్తాదంట. అప్పటికీ నువ్వు ఇట్లనే ఉంటే ఊరికి పంపించేస్తాదంట."

నాకు ఏడుపొచ్చింది. శనక్కాయ చేలు, ఎర్రటి ఎండ, నాయన మొహం అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. ఆమె తిడుతుందనుకున్నాను, లేకపోతే ప్రార్థన చేద్దాం రమ్మంటుందనుకున్నాను.

"శనివారం సాయంత్రం తలకు నూనె పెట్టుకోని, ఆ నీలం చీర కట్టుకో. మౌంట్ రోడ్డుకు పోదాం" అంది.

నా కొంప మునుగుతుంటే ఈమెకు షికారు కావాల్సి వచ్చిందా అని ఒళ్ళు మండింది. అయినా శనివారం నీలం చీర కట్టుకున్నాను.

అబద్ధమెందుకు, ట్రాము దిగి మౌంట్ రోడ్డు మీద నిలబడేసరికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. అంత వెడల్పు రోడ్డు నేను ఎన్నడూ చూడలేదు. అద్దాల వెనక బొమ్మలకు గౌన్లు తొడిగి నిలబెట్టారు. గడియారాల కొట్టు, పియానోల కొట్టు, టోపీల కొట్టు. మోటారు కార్లలోంచి దొరలు, జమీందార్లు దిగుతున్నారు. మా కురిచేడు సంతలో అన్నీ కలిపి ఒకే చోట అమ్ముతారు, ఇక్కడ టోపీకి కూడా ఒక మేడ. చిన్నమ్మ ప్రతి అద్దం ముందూ ఆగి, అందులో సరుకు కంటే ముందు తన ముస్తాబు చూసుకుని, మెడ నిటారుగా పెట్టి నడిచింది.

ఐస్‌క్రీము కొట్టు ఒక గోవా ఆయనది. ఆయన చిన్నమ్మను పేరు పెట్టి పలకరించాడు. గాజు గిన్నెలో తెల్లటి ముద్ద, చిన్న చెంచా వచ్చాయి. నేను చెంచాతో కొంచెం తీసి, అలవాటు ప్రకారం దోసిలి పట్టినట్టు అరచెయ్యి వంచి, అందులో వేసుకుని నాకాను. చల్లదనానికి అరచెయ్యి జివ్వుమంది. మోచేతి దాకా కారింది.

చిన్నమ్మ నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

"చెంచా నోట్లో పెట్టు."

"ఎంగిలయితాది గదా చిన్నమ్మా. రేపు వేరేవాళ్ళు తినొద్దా?"

"కడుగుతారు. అది నోట్లో పెట్టనీకే చేసినారు. నీ నోరు నోరు కాదా ఏంది?"

చెంచా నోట్లో పెట్టుకున్నాను. ఆ తీపి గొంతులోకి దిగుతుంటే ఒక్క క్షణం మేట్రన్ లేదు, నెలాఖరు లేదు. ఇంకో గిన్నె తిన్నాను. మళ్ళీ శనివారం బేకరీలో కేకు తిన్నాం. వడ్డించే మనిషి వచ్చి నా ముందు పళ్ళెం పెట్టిన ప్రతిసారీ నేను సగం లేచి నిలబడేదాన్ని, చిన్నమ్మ నా చీర కుచ్చిళ్ళు పట్టి కూచోబెట్టేది. పెట్టేవాళ్ళు పెడుతుంటే కూర్చుని తినడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని నాకు అప్పుడే తెలిసింది.

నెలాఖరు దగ్గరపడింది. వార్డులో నన్ను నీళ్ళ దగ్గరికి రానివ్వకుండా దుప్పట్లు మడిచే పనిలో పెట్టారు. ఆ శనివారం చిన్నమ్మ ఎక్కువ మాట్లాడలేదు. ఐస్‌క్రీము కొట్టు దాటింది, బేకరీ దాటింది, ఒక పెద్ద కాఫీ హోటలు ముందు ఆగింది. బోర్డు మీద బ్రాహ్మణ కాఫీ హోటలు అని అక్షరాలు.

"చిన్నమ్మా, ఇది మనది కాదు."

"బ్రాహ్మలకు లోపల వేరే గది ఉందంట. బయటి గది ఇతరులకంట. ఆడవాళ్ళకు తెర కూడా కట్టినారంట."

ఆ ఇతరులలో మేము ఉన్నామో లేమో ఎక్కడా రాసిలేదు. నేను వెనక్కి చూస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. తెర ఎటువైపుందో తెలియక ఒక క్షణం తడబడి, అటు తిరిగి ఇటు తిరిగి, చివరికి దొరికించుకుంది. పాలరాతి బల్ల ముందు కూర్చున్నాం. సర్వరు వచ్చాడు, నుదుట బొట్టు, భుజాన తువ్వాలు. చిన్నమ్మ హల్వా, వడ, కాఫీ చెప్పింది. మా తెలుగు వినగానే ఆయన మొహం విప్పారింది.

"మీదే ఊరమ్మా?"

ఆ ప్రశ్న తర్వాత వచ్చే ప్రశ్న ఏదో నాకు తెలుసు. ఏ ఊరు, ఆ ఊళ్ళో ఎవరి తాలూకు, ఏ వాళ్ళు. మూడో మాటకు మనిషి గుట్టు బయటపడుతుంది.

"దొనకొండ పక్కన" అంది చిన్నమ్మ, గొంతు సవరించుకుని.

"అట్టనా! మాది నెల్లూరు. మా మేనత్తను దర్శికి ఇచ్చుండారు. ఆడ నీళ్ళు ఉప్పన గదమ్మా?"

"ఉప్పనే."

ఆయన తువ్వాలుతో బల్ల తుడిచి, "కాఫీ మాత్రం ఇక్కడ తియ్యటి నీళ్ళతో పెడతాంలే" అని వెళ్ళిపోయాడు.

హల్వా రుచి నాకు గుర్తులేదు. కాఫీ గ్లాసు పాలరాతి మీద పెట్టిన చప్పుడు గుర్తుంది. తాగడం అవగానే నా చెయ్యి గ్లాసు మీదికి పోయింది. గ్లాసు తీసుకుని లేచాను, కడగడానికి తొట్టి ఎక్కడుందోనని కళ్ళతో వెతుకుతూ. ఆ పని చేసే మనిషిని చూస్తే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది ఆమె ఎక్కడినుంచి వచ్చిందో. చిన్నమ్మ చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. అరచెయ్యి తడిగా, చల్లగా ఉంది. చెయ్యి కడుక్కుని తుడుచుకోలేదేమో అనుకున్నాను.

"కూచో."

"గ్లాసు..."

"కూచో దీనమ్మా. ఆడనే పెట్టు."

పెట్టాను. ఇద్దరం ఖాళీ గ్లాసుల వంక చూస్తూ కూర్చున్నాం. సర్వరు వచ్చాడు. ఏమీ చూడకుండానే, అందరి గ్లాసులూ తీసినట్టే రెండు వేళ్ళు రెండు గ్లాసుల్లో పెట్టి ఎత్తి, "ఇంకో వడ తెచ్చేదామ్మా?" అన్నాడు.

"తే నాయనా, రెండు తే" అంది చిన్నమ్మ.

బయటికి వచ్చి దీపస్తంభం కింద నిలబడి మేమిద్దరం నవ్వాం. ఎందుకో తెలియకుండా, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాం. దారిన పోయే దొరసాని ఒకామె ఆగి చూసింది కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళూ తలమీద మోస్తున్న కట్టెలమోపు ఎవరో దించేసినట్టు మెడ తేలికయింది.

సోమవారం చెట్టిగారి తల్లి నీళ్ళు అడిగింది. దుప్పట్లు పక్కన పెట్టి నేనే పోయాను. ఎడమచేత్తో ఆమె మెడ కింద పట్టి లేపి, కుడిచేత్తో గ్లాసు పెదవులకు ఆనించాను. గుటకలు వేసి తాగింది. "ఇంకాసిని" అంది. ఇంకాసిని తెచ్చాను. మేట్రన్ తలుపు దగ్గర నిలబడి చూసింది, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆమె మెచ్చుకోవడం అంటే అదేనని చిన్నమ్మ చెప్పింది. నెలాఖరు వచ్చింది, పోయింది. నన్ను ఎవరూ పంపలేదు.

ట్రైనింగు పూర్తయి నాకు నర్సు టోపీ పెట్టిన రోజు సాయంత్రం, చిన్నమ్మ నన్ను మెరీనాకు తీసుకుపోయింది. సముద్రం వంక చూస్తూ శనగలు తింటున్నాం. ఉన్నట్టుండి అంది:

"ఆ కాఫీ హోటలుంది చూడు, ఆ పొద్దు నేను కూడా మొదటిసారే పోవడం."

నేను నమ్మలేదు. హల్వా గురించి, కాఫీ వాసన గురించి రైల్లో అంత చెప్పిన మనిషి!

"రోగులు చెప్తే విన్యా. ఎన్నేండ్లు దాని ముందర నడిచినానో. మెట్టు దాకా పోతా, ఎనక్కి వస్తా. గోవా ఆయన కొట్టంటే, ఆయనా మన మాదిరి క్రీస్తు గుడికి పోయేటాయనే గదా, భయం లేదు. అది వేరే. ఒక్కదాన్ని పోలేకపోయినా." శనగలు నమిలి, నా వైపు చూడకుండానే అంది. "నీకు నేర్పనీకి పిలుచుకపోయినా అనుకుంటుండావేమో. తోడు కావాల్సి పిలుచుకపోయినా."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ అరచెయ్యి తడి నీళ్ళది కాదని. తన మీద నాకు గౌరవం తగ్గుతుందేమో అని ఆమె అనుకుని ఉంటుంది. నాకు మాత్రం ఆమె మీద ప్రేమ ఎంత ముంచుకొచ్చిందంటే, నా శనగలు కూడా ఆమె చేతిలో పోశాను.

ఉద్యోగం వచ్చి నేను ఈ వైపే, మార్కాపురం, గిద్దలూరు ఆసుపత్రుల్లో బతుకంతా గడిపాను. ఎంతమందికి నీళ్ళు తాగించానో లెక్కలేదు. చిన్నమ్మ మద్రాసులోనే పోయింది. ఆమె తర్వాత మౌంట్ రోడ్డుకు నేను మళ్ళీ పోలేదు.

ఇక్కడ, బస్టాండు ఎదురు హోటల్లో, కాఫీ తాగడం అవగానే నా చెయ్యి ఇప్పటికీ గ్లాసు మీదికి పోతుంది. ఇంత వయసొచ్చినా పోతుంది. వెంటనే మణికట్టు మీద తడిగా, చల్లగా ఆమె చెయ్యి పడుతుంది. ఖాళీ గ్లాసును పలకరాయి మీద అట్లాగే వదిలి, సర్వరు వచ్చి తీసుకుపోయేదాకా కూర్చుంటాను.