మూడో కేక

తాడేపల్లిగూడెం హైస్కూల్లో పొద్దున్నే క్లాసులో హాజరు పిలుస్తుండగా తంతి వచ్చింది. పెదనాన్న పోయారు, వెంటనే రమ్మని నాలుగు ముక్కలు. ఆ కాగితం జేబులో పెట్టుకుని, మిగిలిన పేర్లు కూడా పిలిచాకే బయటికి వచ్చాను. హాజరు సగంలో వదిలేసి వచ్చానంటే ఆయన ఒప్పుకునేవారు కాదు.

మా పెదనాన్న గురించి పేపర్లో ఎవరూ రాయరు. ఆయన ఏలూరు కోర్టులో బిళ్ళ బంట్రోతు. భుజం మీంచి ఎర్ర పట్టీ, దానికి ఇత్తడి బిళ్ళ, తెల్ల తలపాగా. వరండాలో నిలబడి కక్షిదారుల పేర్లు పిలవడం ఆయన ఉద్యోగం. పిల్లలు లేకపోవడంతో నన్ను నాలుగో ఏట తెచ్చుకుని, చదివించి, మాస్టర్ని చేశారు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఛాతీ ఉబ్బుతుంది. దాన్ని దాచుకోవాలని కూడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన గొంతు ఊరందరికీ తెలుసు. వరండాలో పేరు పిలిస్తే కాలవ అవతల బట్టలు ఉతుక్కునేవాళ్ళు తలెత్తి చూసేవారు. ముందు ఊరు, తరవాత ఇంటిపేరు, ఆ తరవాత పేరు, చివర సాగదీసి ఒక ‘గారూ’. ఆ ‘గారూ’ కోర్టువారి పద్ధతి కాదు, ఈయన సొంతం. కోళ్ళ దొంగతనం కేసులో ముద్దాయిని కూడా అలాగే పిలిచారట. “ముద్దాయికి గారేమిటయ్యా?” అని జడ్జిగారు అడిగితే, “తీర్పు ఇంకా అవ్వలేదు కదండి” అన్నారట. జడ్జిగారు ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారని చెప్పుకునేవారు.

కోర్టులో మూడు కేకలు. మూడో కేకకి కూడా మనిషి పలక్కపోతే వ్యాజ్యం కొట్టేస్తారు. పెదనాన్న మొదటి రెండు కేకలూ వరసగా వేసేవారు. మూడోదానికి మాత్రం ఆయనకి ఎక్కడలేని పనులూ గుర్తుకొచ్చేవి. తలపాగా విప్పి చుట్టుకునేవారు. బిళ్ళ తుడుచుకునేవారు. మెట్లు దిగి రోడ్డు దాకా వెళ్ళి చూసి వచ్చేవారు. “మూడో కేక వెయ్యవేం?” అని లోపలి నుంచి గుమాస్తా గసిరితే ఎప్పుడూ ఒకటే జవాబు.

“బండి ఇంకా రాలేదండి.”

భీమడోలు, ఉంగుటూరు వేపు నుంచి పాసింజరులో వచ్చే రైతులు స్టేషన్లో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు. వాళ్ళు మెట్ల దగ్గరికి వచ్చాక పెదనాన్న తీరిగ్గా గొంతు సవరించుకుని మూడో కేక వేసేవారు. వాళ్ళు రొప్పుతూ “ఆయ్” అనేవారు. అలా ఎన్ని ఎకరాలు ఎన్ని కుటుంబాలకి నిలబడ్డాయో ఆయనకీ తెలీదు.

అలాంటి గొంతు ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది చలికాలంలో బొంగురుపోయింది. డాక్టరుగారు అద్దం పెట్టి చూసి, లోపల కాయలు కాశాయన్నారు. పది రోజుల పాటు ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఉంటే నయమవుతుంది, ఉండకపోతే గొంతు ఇక రాదు అన్నారు. బంట్రోతుకి గొంతు పోతే ఏం మిగిలింది? పెన్షనుకి ఇంకా రెండేళ్ళుంది.

ఇంట్లో ఉండి మౌనం పట్టారు. పట్టిన గంటకే పెద్దమ్మ వంటింట్లోంచి “ఏవండీ” అంది. ఈయన “ఆయ్” అన్నారు. పాలవాడు పిలిచాడు, “ఆయ్.” పక్కింటాయన గోడ మీంచి “ఉన్నారాండి?” అంటే, మళ్ళీ “ఆయ్.” మా గోదావరి వాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు ఇది. ఎవరు పిలిచినా లోపలి మనిషి కంటే ముందు ఆ ముక్క బయటికి వచ్చేస్తుంది. మూడో రోజుకి పెద్దమ్మ ఏడుపు మొదలెట్టింది.

అప్పుడే మా డ్రాయింగు మాస్టారు గుర్తొచ్చారు. ఆయన రిటైరయ్యాక ఏటా చలికాలంలో కొంతమందిని వెంటబెట్టుకుని కొల్లేటి మధ్యలో ఒక దిబ్బ మీదికి వెళ్ళి, వారం రోజులు మౌనంగా ధ్యానం చేసుకుంటూ ఉండేవారు. ఆయన మాత్రం ధ్యానం అనేవారు కాదు. “ఏం లేదండి, ఊరుకోవడం నేర్చుకుంటాం” అనేవారు. పది రోజుల లెక్క మళ్ళీ మొదట్నించి మొదలెడదామని, సెలవు పెట్టి పెదనాన్నని నేనే తీసుకెళ్ళాను.

ఎనిమిది మందిమి. రెండు తాటాకు పాకలు, చుట్టూ నీళ్ళు, కిక్కిస గడ్డి, గూడబాతులు. నియమాలు కఠినం. మాట లేదు, సైగ లేదు, పలక మీద రాయడం లేదు. ఎవరు పిలిచినా పలకకూడదు. ఎవరూ ఎవర్నీ పిలవకూడదు. మొదటి పూట భోజనాల దగ్గర, మమ్మల్ని దోనెల్లో తీసుకొచ్చిన చేపలు పట్టే పడవాయన గరిటె పట్టుకుని, “ఇంకొంచెం వడ్డించమంటారాండి?” అని అడిగాడు. మాస్టారితో సహా అందరం ఒక్కసారి “ఆయ్” అన్నాం. దెబ్బకి ఆయన్ని కూడా మౌనంలో పెట్టేశారు.

పెదనాన్న దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. కరక్కాయ ముక్క నాలిక కింద పెట్టుకుని, ‘ఆయ్’ వచ్చినప్పుడల్లా దాన్ని కొరికేవారు. రెండో రోజుకి పళ్ళు నల్లబడ్డాయి గాని నోరు కట్టుబడింది. తెల్లారగట్లే లేచి నీటి ఒడ్డున కూచునేవారు. మిగతా వాళ్ళం కాళ్ళు మార్చుకునేవాళ్ళం, దోమల్ని తోలుకునేవాళ్ళం. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన బియ్యం మిల్లు గుమాస్తా ఒకాయన కూచుని గురక పెట్టేవాడు. పెదనాన్న కదిలేవారు కాదు. గూడబాతులు రెక్కలతో నీళ్ళు కొట్టి చేపల్ని ఒక మూలకి తోలుతుంటే అటు చెవి ఒగ్గి వినేవారు. ముప్ఫై ఏళ్ళుగా ఊరందర్నీ పిలిచిన మనిషి వింటుంటే ఎలా ఉంటారో నాకు అక్కడే తెలిసింది. ఆ ముఖం చూడ్డానికే నేను కళ్ళు తెరుచుకుని ధ్యానం చేశాను.

“ఇన్నాళ్ళూ పిలవడమే తెలుసురా అబ్బాయ్. అక్కడ కూచుంటే నన్నే ఎవరో పిలుస్తున్నట్టుండేది” అన్నారు ఒకసారి, ఆ తరవాత చాలా రోజులకి.

ఆరో రోజు తెల్లవారుజామున మాస్టారు ఒక్కరూ తాటి దోనె వేసుకుని పక్షుల వేపు వెళ్ళారు. రోజూ వెళ్ళేవారే, పొద్దెక్కే లోపు తిరిగొచ్చేసేవారు. ఆ వేళ మంచు దిగింది. కాళ్ళ దగ్గరి నీళ్ళు కూడా కనపడటం మానేశాయి. ఎనిమిదయింది, తొమ్మిదయింది, మాస్టారు రాలేదు. అందరికంటే ముందు మౌనం వదిలినవాడు ఆ పడవాయనే.

“రాత్రి గాలికి కిక్కిస కదిలిందండి. దారి మూసుకుపోయుంటాది. ఆ దోనెకి అడుగున చిల్లుందండి, నీళ్ళు తోడుకుంటూ ఉండాలి. మాస్టారికి ఈత రాదండి” అన్నాడు.

ఆయన అరిచాడు. నేను అరిచాను. గుమాస్తా పళ్ళెం వాయించాడు. మా అరుపులు ఆ మంచులో పది బారలు కూడా పోలేదు. ఎటు వెళ్ళి వెతకాలో తెలీక పడవాయన గెడ పట్టుకుని నిలబడిపోయాడు.

పెదనాన్న లేచి నా దగ్గరికి వచ్చారు. నోట్లోంచి కరక్కాయ ముక్క తీసి నా అరచేతిలో పెట్టారు. నాకు అర్థమయింది. “వద్దు పెదనాన్నా, ఇంకా నాలుగు రోజులే, డాక్టరుగారు చెప్పింది మర్చిపోయారా” అని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి విడిపించుకుని ఒడ్డున నిలబడి, భుజం మీద బిళ్ళ ఉన్నట్టే సర్దుకుని, మాస్టారి ఊరు, ఇంటిపేరు, పేరు పిలిచారు. చివర ‘గారూ’.

పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. జవాబు లేదు. రెండో కేక వేశారు. జవాబు లేదు.

ఆ తరవాత ఆయన ఆగారు. కోర్టులో ఆగినట్టే ఆగారు. తలపాగా లేదు గనక ఉత్త తల తడుముకున్నారు. అన్నేళ్ళూ పరాయివాళ్ళ కోసం ఆగిన మనిషికి మూడో కేక అంటే ఎంత భయమో ఆ వేళ నాకు తెలిసింది. చివరికి నిండా ఊపిరి పీల్చి పిలిచారు. ఆ కేక సగంలో కొత్త గుడ్డ చింపినట్టు చిరిగింది. అయినా ‘గారూ’ వదల్లేదు.

ఎడమ వేపు నుంచి, ఎంతో దూరం నుంచి, సన్నగా వినపడింది.

“ఆయ్.”

పడవాయన అటు దోనె తోశాడు. మాస్టారు ‘ఆయ్, ఆయ్’ అంటూనే ఉన్నారు, ఆయన ఆ మాట పట్టుకునే వెళ్ళాడు. మోకాళ్ళ దాకా నీళ్ళు నిండిన దోనెలో వణుకుతూ దొరికారట. ఒడ్డుకి తెచ్చి, దుప్పటి కప్పి, వేడి గంజి పోశాం. కాస్త తేరుకున్నాక మాస్టారు తల వంచుకుని అన్నారు:

“మొదటి రెండూ వినపడ్డాయండి. మౌనం కదా, పలక్కూడదు కదా అని ఊరుకున్నాను. మూడోసారి కూడా గారూ అని పిలిస్తే ఇంక ఉండలేకపోయానండి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. మునిగిపోతూ నియమమేమిటి? ఈయన మొదటి కేకకే పలికుంటే మా పెదనాన్న గొంతు మిగిలేది కదా? ఆ మాట పైకి అనేసేవాణ్ణే. పెదనాన్న నా వేపు చూసి నవ్వుతూ అరచెయ్యి చాచారు. కరక్కాయ ముక్క ఇచ్చాను. నోట్లో పెట్టుకుని, మళ్ళీ నీటి ఒడ్డుకి వెళ్ళి కూచున్నారు. మా అందరి మౌనం చెడింది. ఏడో రోజు చివరి దాకా కూచున్నది ఆయన ఒక్కరే.

గొంతు మళ్ళీ రాలేదు. ఆ తరవాత ఆయన మాట్లాడిందంతా గుసగుసే. కోర్టువారు బిళ్ళ తీసేసుకుని ఆయన్ని రికార్డు గదిలో పనికి వేశారు. కొత్తగా వచ్చిన జవాను మూడు కేకలూ ఒకే ఊపిరిలో వేసేసేవాడు. అందుకని పెదనాన్న బండి వేళకి రికార్డు గదిలోంచి లేచి రోడ్డు మీదికి వెళ్ళి, పరిగెత్తుకొచ్చే రైతుని రెక్క పట్టుకుని సరాసరి గుమ్మం దాకా తీసుకొచ్చేవారు. పెన్షను తీసుకున్నాక కూడా మానలేదు.

నేనొకసారి ఉండబట్టలేక అడిగాను, మాస్టారి మీద కోపం లేదా అని.

“మూడో కేకకైనా పలికారు కదరా” అన్నారు గుసగుసగా. “ఎంతమంది పలకరో నీకేం తెలుసు.”

నేను ఏలూరు చేరేసరికి అంతా సిద్ధం చేసి నాకోసం ఆగారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, “వస్తాడు, ఆగండి అని నేనే చెప్పానురా” అంది. ఆ ఇంట్లో ఆగడం అందరికీ అలవాటే.

వీధిలో జనం ఎక్కువ లేరు. కోర్టు గుమాస్తాలు, భీమడోలు వేపు రైతులు కొందరు, కర్ర పట్టుకుని డ్రాయింగు మాస్టారు. కొల్లేటి నుంచి ఆ పడవాయన కూడా వచ్చాడు. రైలు కట్ట దగ్గర దారిలో పాడె దింపారు. దింపుడు కళ్ళం. అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలవాలి, పలుకుతారేమోనని ఆఖరి ఆశ.

వంగి, “పెదనాన్నగారూ” అని పిలిచాను. ఆ ముఖం చెవి ఒగ్గి వింటున్నట్టే ఉంది. రెండోసారి పిలిచాను.

మూడోసారి పిలవలేదు. లేచి నిలబడి తల తడుముకున్నాను.

“కానివ్వు బాబూ, ఎండెక్కిపోతోంది” అన్నారు వెనక నుంచి ఎవరో.

డ్రాయింగు మాస్టారు కర్ర పైకెత్తి ఆపారు.

“ఉండండి. బండి ఇంకా రాలేదండి.”

ఆ మాట తరవాత ఎవరూ తొందర పెట్టలేదు. పాడె చుట్టూ అందరం భీమడోలు వేపు పట్టాల మీద చూపు పెట్టి నిలబడ్డాం.