వెనకగదిలో గీతలు

మా వీధిలో ఇళ్ల గోడలు పగలడం ఒక వానాకాలం వెళ్లాక మొదలైంది. ముందు పక్కింటి పిన్నిగారి వంటగదిలో, పొయ్యిగట్టు మీంచి కిటికీ దాకా, వెంట్రుకంత సన్నటి గీత పడింది. తర్వాత నేను అద్దెకుంటున్న ఇంటి వరండాలోనూ పడింది. రాజోలుకి దగ్గరే ఆ ఊరు. అక్కడి హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్సు టీచర్ని. ఊరవతల పొలాల్లో గ్యాసు కోసం బావి తవ్వి చాలా ఏళ్లయింది. గోడ పగిలితే జనానికి మొదట గుర్తొచ్చేది ఆ బావే. ఒక ఇంజనీరు వచ్చి చూసి, ఇక్కడి మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది, అంతే అని చెప్పి వెళ్లాడు. పగుళ్లకి అసలు కారణం మాకు అంతకుమించి ఎప్పుడూ తెలియలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి సోషల్ టీచరు సెలవులో ఉంటే తొమ్మిదో తరగతికి నేను వెళ్లాను. రాళ్ల పాఠం. మన కింద ఏముంటుందండీ అని ఒక అమ్మాయి అడిగింది. చాలా లోతు దాకా గోదావరి తెచ్చిన ఒండ్రు, దాని కింద ఇంకా ఏవేవో పొరలు, వాటి మధ్య కోట్ల ఏళ్ల కిందట పారి గడ్డకట్టిన లావా రాయి అని చెప్పాను. రాజమండ్రి వైపు క్వారీల్లో కనబడే నల్లరాయి అదేనన్నాను.

"అంటే అగ్నిపర్వతమాండీ?" అందా పిల్ల.

"ఒకప్పుడు. ఇప్పుడు అది చల్లారిన రాయి, అంతే."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిన్నిగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ భర్త రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఆయన జీవితమంతా ఊరి ఉత్తరాలు పంచాడు, ఆవిడకి మాత్రం అక్షరం రాదు. "మన కింద నిప్పుల కొండ ఉందని చెప్పేరంట కదండీ టీచరుగారూ," అంది. నేను చెప్పిందేమిటో విడమరిచి చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆయ్," అని, ఆ రోజు నుంచి మంచం వరండాలో వేసుకుంది.

నా మాట వల్ల పుట్టిన భయాన్ని నేనే తీర్చాలనుకున్నాను. సెంటర్లో రేడియోలూ టీవీలూ బాగుచేసే పెద్దాయన ఉండేవాడు. ఊరందరిలాగే నేనూ ఆయన్ని బాబాయిగారనేదాన్ని. ఆయన దగ్గర ఈ సంగతి ఎత్తితే, "మనమే చూసుకుందారండి. నేల కదిలితే గీత గీసే యంత్రం ఇప్పుడు చిన్న డబ్బాలో దొరుకుతుందండి," అన్నాడు. నెల తిరిగేసరికి విడిభాగాలు తెప్పించి ఆయనే బిగించాడు. నా ఇంటి వెనకగది పాతకాలం నాపరాళ్ల గచ్చు, మనుషులు తిరగని చోటు. అందుకని డబ్బాని అక్కడ మూలన పెట్టాం, కరెంటు పోయినా ఆగకుండా ఒక బ్యాటరీ తగిలించాం. దాని గీతలు పాత కంప్యూటరు తెర మీద వరసగా, గంటకొకటి చొప్పున కనిపించేవి.

మొదటి పదిహేను రోజులూ దొరికినంత సంతోషం నాకు ఈ మధ్య ఏ పనిలోనూ కలగలేదు. బస్సు వెళ్తే గీత ఇంత లేచేది. పిన్నిగారి గేదె గోడకి ఒళ్లు రుద్దుకుంటే చిన్న కుచ్చులాగా వచ్చేది. ఆదివారం నేను రాజోలు చర్చికి వెళ్లొచ్చాక చూస్తే, ఇంట్లో ఎవరూ లేని ఆ మూడు గంటలూ గీత తిన్నగా ఉండేది.

తర్వాత ఒక రోజు పొద్దున్న చూస్తే, ముందురోజు సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లారేదాకా గీత లావెక్కి ఉంది. ఎగుడుదిగుడు లేదు, ఒకేలా, పెన్సిలు మొద్దుబారినట్టు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. బాబాయిగారు ఇంటర్నెట్లో వెతికాడు. ఎక్కడెక్కడో నిజం అగ్నిపర్వతాల పక్కన ఉంటున్న మామూలు మనుషులు, మాలాగే డబ్బాలు పెట్టుకుని, తమ గీతల్ని అందరికీ చూపిస్తుంటారు. కింద లావా కదులుతున్నప్పుడు ఇలా ఉంటుందని ఒకాయన పెట్టిన బొమ్మ, మా గీత, పక్కపక్కన పెట్టి చూశాం. తేడా లేదు.

బాబాయిగారు కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు. "దేశంలో ఎవరికీ తెలీని సంగతి మనకి తెలిసిందండి అమ్మా," అన్నాడు. నేను కాదనలేదు. కాదనడానికి నాకు ఆధారం లేదు, నిజమే చెప్పాలంటే, నిజమైతే బాగుండునని కూడా మనసులో ఒక మూల ఉంది. ఇంకొన్నాళ్లు చూద్దాం, ఎవరికీ చెప్పొద్దండీ అన్నాను. ఆయన షాపుకొచ్చిన ఒక్కరికే చెప్పాడు.

మర్నాడు నేను పళ్లు తోముకుంటుంటే వరండాలో పదిహేను మంది ఉన్నారు.

అక్కణ్ణుంచి నా బతుకు నా చేతిలో లేదు. పొద్దున్న స్కూలుకి వెళ్లే ముందూ, సాయంత్రం వచ్చాకా, జనం వచ్చి కూచునేవారు. "ఇయాళ ఎలాగుందండీ గీత?" నిన్నటిలాగే ఉందండీ అంటే తగ్గలేదనుకునేవారు. ఏం ఫరవాలేదంటే దాస్తున్నాననుకునేవారు. ఒంట్లో బాలేక ఒకపూట తలుపేసుకుని పడుకుంటే, టీచరుగారు తలుపేసుకుని ఏడుస్తున్నారని సెంటర్ దాకా పాకింది. నేను నవ్వితే, ముఖం ముడుచుకుంటే, సాయంత్రం త్వరగా దీపం వేస్తే, అన్నిటికీ ఒక అర్థం ఉండేది. యంత్రం గీత ఒకటైతే నేను ఇంకో గీతనయ్యాను.

అప్పుడే నాకు పన్ను పోటు వచ్చింది. ఒక రెండో శనివారం అమలాపురంలో పీకించుకుందామని బయల్దేరాను. చేతిలో ఒక బ్యాగు. అందులో తువ్వాలు, మంచినీళ్ల సీసా, బస్సులో దిద్దుకోవచ్చని పరీక్ష పేపర్ల కట్ట. ఆటో అబ్బాయి బ్యాగు వైపు చూసి, "ఊరికాండీ?" అన్నాడు.

"అమలాపురం. సాయంత్రానికి వచ్చేస్తాను."

"ఆయ్," అన్నాడు. నా మాట కంటే బ్యాగే అతనికి గట్టిగా వినబడిందని అప్పుడు నాకు తట్టలేదు.

నాలుగింటికి తిరిగొస్తే వీధిలో అలికిడి లేదు. తలుపులకి తాళాలు. ఒక అరుగు మీద సగం ఏరిన బియ్యం చేట అలాగే ఉంది. ఒక నిమిషం నాకే, నేను లేనప్పుడు నిజంగా ఏదో జరిగిందనిపించింది. పరిగెత్తుకెళ్లి వెనకగదిలో చూశాను. పొద్దున్న పది గంటలప్పుడు గీతలు చెల్లాచెదురుగా లేచి ఉన్నాయి. మంచాలు లాగిన, పెట్టెలు మోసిన, ఆటోలు ఎక్కిన వీధి అది. ఆ తర్వాత గీత తిన్నగా ఉంది.

బాబాయిగారు వచ్చాడు. "మీరు సామాను సర్దుకుని వెళ్లిపోయేరని ఆటో వాడు చెప్పేడండి. అంతా చుట్టాలిళ్లకి పరిగెత్తేరు. పోస్ట్‌మ్యాన్‌గారిని తొందరలో ఆటో ఎక్కించబోతే మెట్టు మీంచి పడ్డారండి. రాజోలు ఆసుపత్రిలో ఉన్నారు. చెయ్యి విరిగింది."

నా నోట్లో దూది ఉంది. అలాగే ఆసుపత్రికి వెళ్లాను. పెద్దాయన మంచం మీద, కుడిచేతికి కట్టుతో ఉన్నాడు. పిన్నిగారు పక్కన నేల మీద కూచుంది. నేను చేతులు జోడించాను.

"మీరేం చెప్పలేదు కదమ్మా," అన్నాడాయన. "పన్ను పీకించుకున్నవాళ్లు మాట్లాడకూడదు. కూచోండి."

ఆయన తిట్టి ఉంటే ఇంటికెళ్లి పడుకోగలిగేదాన్ని.

జనం రెండు మూడు రోజుల్లో తిరిగొచ్చారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కాని ఆ తర్వాత నేను బ్యాగు పట్టుకుని గుమ్మం దాటలేకపోయాను. చర్చికి బైబిలు ఒక్కటే చేత్తో పట్టుకుని వెళ్లేదాన్ని. ఇస్త్రీకిచ్చిన చీరలు ఒక్కొక్కటే తెచ్చుకునేదాన్ని. కాకినాడలో మా చెల్లికి కడుపు ఆపరేషనయితే వారం రోజులు సెలవు రాసి, ఆ కాగితం మళ్లీ నేనే చింపేశాను.

"మీ ఊరి గోడల కోసం నన్ను చూడ్డానికి రాలేవా అక్కా?" అంది చెల్లి ఫోన్లో. వస్తానన్నాను. ఎప్పుడో చెప్పలేకపోయాను.

యంత్రం తీసేద్దామని ఒకరోజు వరండాలో అందరి ముందే అన్నాను. పిన్నిగారు, "తీసేస్తే ఎలాగండీ మరి," అంది నెమ్మదిగా. "లేనప్పుడు తెలీకుండా పడుకున్నాం. ఇప్పుడు ఉందని తెలిసేక లేకుండా ఎలా పడుకుంటామండీ."

యంత్రం ఉండిపోయింది, నేనూ ఉండిపోయాను. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ వెనకగది తలుపు వైపు చూడకుండా అన్నం తినలేకపోయేదాన్ని.

ఒక సోమవారం పొద్దున్న, స్కూలుకి తయారవుతూ ముందురోజు గీతలు చూస్తున్నాను. లావు గీత మధ్యలో, ఏడుగంటల చోట, తెగింది. నాలుగైదు నిమిషాలు సన్నగా ఉండి మళ్లీ లావెక్కింది. ముందురోజు ఏడింటికి ఏం చేస్తున్నానో గుర్తు తెచ్చుకున్నాను. కరెంటు పోయింది. కొవ్వొత్తి వెతుక్కున్నాను. పాత రోజుల గీతలు తిరగేశాను. కరెంటు పోయిన ఇంకో రెండు సాయంత్రాలు నాకు గుర్తున్నాయి. రెండు చోట్లా అదే తెంపు.

షాపు తెరవకముందే బాబాయిగారింటికి వెళ్లాను. ఆయన చాలాసేపు గీతలు చూశాడు. "కాకతాళీయం కావచ్చు కదండీ," అన్నాడు.

"భూమి లోపలి నిప్పుకి మన సబ్‌స్టేషనుతో పనేంటండీ బాబాయిగారూ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ ముఖం చూసి నాకు జాలేసింది. చిన్నప్పట్నుంచీ ఇతరుల పెట్టెలు బాగుచేసినవాడు, మొదటిసారి తనదంటూ ఒకటి కనిపెట్టాననుకున్నాడు.

కరెంటుతో నడిచి, కరెంటు పోతే కాసేపటికి జనరేటరు మీద నడిచేది ఏముందా అని ఇద్దరం వెతికాం. ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. మా వీధి వెనక కాలవ దాటితే, ఆ వేసవిలో ఒక రైతు పొలం తవ్వించి రొయ్యల చెరువులు వేశాడు. రొయ్యలకి గాలి అందడానికి నీళ్లు చిమ్మే చక్రాలు, మా గీత లావెక్కిన రోజుల్లోనే బిగించినవి, సాయంత్రం నుంచి తెల్లారేదాకా తిరుగుతాయి. ఆ చప్పుడు మేం రోజూ వింటూనే ఉన్నాం.

ఆ రైతు దగ్గరికెళ్లి, పగటిపూట రెండు నిమిషాలు చక్రాలు వేసి, ఆపి, మళ్లీ వెయ్యమని అడిగాను.

"ఎందుకండీ?"

"మా వీధి నిద్రపోవడానికండీ."

ఆయన నా ముఖం చూసి, సరేనండీ అన్నాడు. బాబాయిగారు చెరువు గట్టు మీద ఫోను పట్టుకుని నిలబడ్డాడు. నేను వరండాలో ఉన్న జనాన్నంతా వెనకగదిలోకి పిలిచి తెర ముందు కూచోబెట్టాను. వేశారు, గీత లావెక్కింది. ఆపేశారు, సన్నబడింది. మూడుసార్లు చేశాం.

అందరూ చూశారు. ఒకాయన మాత్రం బయటికెళ్తూ, "గ్యాసు కంపెనీ వాళ్లేమైనా చెప్పమన్నారాండీ?" అని మర్యాదగానే అడిగాడు. ఇంకొకావిడ, "ఇది రొయ్యలదే అనుకోండి, అసలుది వస్తే ఇందులో కలిసిపోతుంది కదండీ," అంది. ఆ ప్రశ్నకి మా స్కూల్లో నేనైతే మార్కులు వేసేదాన్ని. మర్నాడు వరండాలో పదిహేను మంది బదులు ఎనిమిది మంది వచ్చారు. నన్ను ఊరు కదలకుండా కట్టెయ్యడానికి ఆ ఎనిమిది మందీ చాలు.

పిన్నిగారు రోజూ వచ్చేది, కాని గీత ఎలాగుందని అడగడం మానేసింది. నా పక్కన కూచుని చూసేది. ఒకరోజు వేలు పెట్టి, "ఇది మా గేదెండి," అంది. అవును. "ఇది రైసుమిల్లండి. మధ్యాన్నం ఒంటిగంటకి భోజనాలకి ఆపుతారు, చూడండి, ఇక్కడ లేదు." అవును. నేనూ బాబాయిగారూ అంతకాలం గుర్తుపట్టలేక వదిలేసిన ఒక దెబ్బల వరసని చూసి, "ఇది వెనక దొడ్లో కొబ్బరికాయలు ఒలవడం కాదాండీ?" అంది. ఆ వీధిలో ఏ గంటకి ఏ చప్పుడు పుడుతుందో ఆవిడకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మేం దూరదేశాల బొమ్మలతో పోల్చుకున్నాం, ఆవిడ వీధితో పోల్చుకుంది.

నెలరోజుల్లో ఆవిడ నాకంటే బాగా చదవడం మొదలుపెట్టింది. జనం మెల్లగా నన్ను దాటి ఆవిణ్ణి అడగసాగారు. నాకు లోపల కొంచెం చివుక్కుమంది కూడా. అది దాచుకున్నాను.

"మీరు చెల్లెల్ని చూసి రండి," అంది ఒకరోజు. "గది తాళం నాకిచ్చి వెళ్లండి."

బయల్దేరిన రోజు బ్యాగు నా చేతికి ఇవ్వలేదు. తనే పట్టుకుని, నడివీధిలోంచి, అందరికీ కనబడేలా బస్టాపు దాకా వచ్చింది. ఆటో అబ్బాయితో, "టీచరుగారు చెల్లిగారింటికి వెళ్తన్నారు. ఇయాళ గీతలు నేను చూసేను, ఏం లేదు," అంది. అతను ఈసారి బ్యాగు వైపు కాదు, ఆవిడ వైపు చూశాడు.

బస్సు కదిలాక హాయిగా ఉంటుందనుకున్నాను. గోదావరి వంతెన దాటేదాకా, ఎవరైనా పిల్లల్ని చంకనేసుకుని వెనకాల వస్తున్నారేమోనని కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాను. చెల్లింట్లో రెండు రాత్రులు సరిగా నిద్రపట్టలేదు. లారీ వెళ్తే, దాని గీత ఎంత లేచి ఉంటుందో అని మనసులో గీసుకునేదాన్ని. "ఇక్కడ ఉన్నావా, అక్కడ ఉన్నావా?" అని చెల్లి విసుక్కుంది.

మూడోరోజు పిన్నిగారు ఫోను చేసింది. "మిల్లులో కొత్త మోటారు పెట్టేరండి. పొద్దున్న గీత మారింది. నేను వెళ్లి కనుక్కుని వచ్చేను. అందరికీ చెప్పేను."

"తెరని ఫొటో తీయించి పంపండి పిన్నిగారూ, ఒకసారి చూస్తాను."

"ఎందుకండీ," అంది, "నేను చూసేను కదా."

అలాగేనండీ అని ఫోను పెట్టేశాను. చెల్లి వంటింట్లోంచి, ఆదివారం దాకా ఉంటావా అని అడిగింది. ఉంటానన్నాను.