ముందటి కుక్క ఏమైంది

మా నాన్న ఎద్దును కొనేటప్పుడు దాని నోరు తెరిచి పళ్లు చూసేవాడు. చేలో రెండు చాళ్లు నడిపించి, డెక్కలు తడిమి, మళ్లీ నడిపించేవాడు. కుండ కొనేటప్పుడు కూడా వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. అంత జాగ్రత్త గల మనిషి, మా అమ్మ కుక్కపిల్లను ఇచ్చే ముందు నాలుగు మాటలు అడుగుతుందని నవ్వేవాడు. "కుక్కకేమన్న పంచాయితి పెడుతున్నవా" అని అందరిముందూ ఎగతాళి చేసేవాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండుతుంది.

మాది కోడేరు దగ్గర చిన్న ఊరు. ఎర్రనేల, రాళ్లగుట్టలు, వానను నమ్ముకున్న చేలు. జొన్న కంకి పాలు పోసుకుంటుందో లేదో గుట్టల మీదనుంచి అడవిపందులు దిగేవి. గొర్రెలున్నవాళ్లకు తోడేళ్ల బెంగ. అందుకే మా వైపు మంచి కుక్క అంటే ఇంట్లో ఒక మనిషి కింద లెక్క. మా ఇంటి కుక్కల సంతతి అమ్మ పుట్టింటినుంచి ఆమెతోపాటే వచ్చింది. పొడుగు కాళ్లు, వాలిన చెవులు. ఊరికే మొరిగేవి కావు, కానీ పంది వాసన తగిలితే కావలి మంచె మీద మనిషి లేవకముందే చేలో ఉండేవి. పిల్లల కోసం ఖిల్లా ఘణపూర్ నుంచి కూడా మనుషులు నడిచి వచ్చేవారు.

కుక్కపిల్లను అమ్ముకోవడం అమ్మకు తప్పు. తీసుకునేవాళ్లు తల్లికుక్కకు ఒక పూట కడుపునిండా పెట్టి, దాని కళ్లముందే పిల్లను ఎత్తుకుపోవాలి, అంతే. కానీ ఆ పూట దాకా రావడమే కష్టం. వచ్చిన మనిషిని వాకిట్లో కూర్చోబెట్టి చెంబెడు అంబలి ఇచ్చేది. తల్లికుక్కను కట్టేసేది కాదు. అది వచ్చి అతని కాళ్లు వాసన చూసేది, చెంబులోకి మూతి పెట్టబోయేది. అమ్మ చాటలో జొన్నలు చెరుగుతూ చూడనట్టే చూసేది. అతను నోటితో అదిలిస్తే ఫరవాలేదు. కాలు లేపాడా, ఆ అంబలితోనే అతని పని అయిపోయినట్టు.

కాలు లేపనివాడిని తర్వాత అడిగేది. మీ ఇంట్లో కుక్కకు జొన్న గటక పోసేది ఎవరు అనేది. నా పెండ్లాం అంటే, ఆమెను తోలుకొని రమ్మనేది. "అడుక్కపోయేది మొగోళ్లు, పోసేది ఆడోళ్లు. ఆమె మొఖం చూడకుంట నేనెట్లియ్యాలె" అనేది. ఇవన్నీ అయ్యాక, ఏదో మాటవరసకు అన్నట్టు ఆఖరి మాట అడిగేది: "మీ ముందటి కుక్క ఏమైంది?"

ఆ మాట దగ్గరే మనిషి బయటపడేవాడు. ఒకసారి పక్క ఊరి మోతుబరి, తలపాగా దించకుండా, "ఎటో పాయె. ఎవనికి ఎరుక" అన్నాడు. అమ్మ చాట కింద పెట్టి, "నా తాన పిల్లలు లేవు పటేలా" అంది. పిల్లలు ఆమె కాళ్ల దగ్గరే ఆడుతున్నాయి. ఆయన తిట్టుకుంటూ పోతే నాన్న వెంటపడి ఊరిబయట దాకా బతిమాలుతూ సాగనంపి వచ్చాడు. ఇంకోసారి నల్లమల నుంచి తేనె తెచ్చే చెంచు మనిషి వచ్చాడు. అదే మాట అడిగితే కాసేపు నేల చూసి, "ఎలుగొడ్డు చీరింది. ఆడ్నే బొంద పెట్టిన. మా ఇంటామె ఇంక గా తొవ్వల నడువది" అన్నాడు. అమ్మ ఇంకేమీ అడగలేదు, పిల్లల్లో మంచిదాన్ని తీసి అతని చేతుల్లో పెట్టింది.

ఇంత పట్టుదల గల మనిషి నోరు మూయించింది మా మామ. మామ అంటే మా మేనత్త భర్త, గద్వాల మనిషి. కృష్ణ అవతల నీళ్లు పారే తరి పొలాలు, పెద్ద ప్రహరీ ఉన్న ఇల్లు. సంస్థానం వాళ్లు వేటకు పోతే వెంట పోయే గుంపులో తానూ ఉంటానని ఆయనకు మహా గొప్ప. ఒక ఎండాకాలం అత్తను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అప్పుడే తల్లికుక్క ఈనింది. అది ముసలిదైంది, ఇదే దాని ఆఖరి ఈత. పిల్లల్లో ఆడది ఒక్కటే. దాన్ని అమ్మ ఇంటికి ఉంచుకుంది, అది పోతే పుట్టింటినుంచి తెచ్చుకున్న సంతతి అక్కడితో ఆగిపోతుంది. మామ మంచం మీద కూర్చొని, కర్రతో సరిగ్గా దాన్నే చూపించాడు.

"గది ఇంటికి ఉంచుకున్నదన్నా. గా రెండిట్ల ఏదన్న తీస్కో" అంది అమ్మ.

"నాకు గదే కావాలె. వేటకు తయారు చేస్త."

అమ్మ పిల్లను ఒళ్లోకి తీసుకుంది. "మంచిది. ఒక్క మాట చెప్పు అన్నా. మీ ఇంట్ల ముందటి కుక్క..."

నాన్న మాట పూర్తి కానివ్వలేదు. "ఏందే నువ్వు అడిగేది. ఆయన ఇంటల్లుడు. ఊరోళ్లనడిగినట్లు అడుగుతవా" అన్నాడు.

మా వైపు ఇంటల్లుడిని ఏమీ అడగకూడదు. వస్తే కాళ్లకు నీళ్లివ్వాలి, పోతే కొత్త పంచె పెట్టాలి. మధ్యలో ఆయన ఏమన్నా తల ఊపాలి. ఆయన అలిగితే ఇంటి పరువంతా వాకిట్లో పడిపోతుందట. ఈ పరువు అనేది ఎంత పలుచటి వస్తువో, ఒక్క ప్రశ్నకే చిరిగిపోతుంది. ఎద్దుకు పళ్లు చూడొచ్చు, కుండకు మోత చూడొచ్చు, అల్లుడిని మాత్రం కళ్లెత్తి చూడకూడదు. ఎవరు పెట్టారో ఈ మర్యాదను, వాళ్లను నిలబెట్టి అడగాలని నాకు ఇప్పటికీ ఉంటుంది.

నాన్న ఆ మాట అంటున్నప్పుడు అత్త వంటింటి గడపలో నిలబడి ఉంది. అమ్మ వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను చూశాను, అమ్మ చూసింది. నాన్నకు ఆమె వెనక వైపు ఉంది. చూసినా ఏమైనా చేసేవాడని నాకు నమ్మకం లేదు.

మామ పిల్లను గోనెసంచిలో వేయించుకొని పోయాడు. తల్లికుక్కకు పిడికెడు పెట్టలేదు. ఆ పూట అమ్మే గటక పోసింది, అది ముట్టలేదు. తర్వాత చాలా రోజులు అమ్మ నాన్నకు అన్నం పెట్టేది, మాట పెట్టేది కాదు.

ఏడాది తిరిగాక, గద్వాల జమ్ములమ్మకు మొక్కు ఉందని అమ్మ పట్టుబట్టింది. ఆ మొక్కు ఎప్పుడు మొక్కిందో మాకెవరికీ తెలియదు. నాన్న, అమ్మ, నేను బండి మీద కృష్ణ దాకా పోయి, బుట్టలాంటి పుట్టిలో నది దాటి, అవతల ఇంకో బండి చూసుకొని గద్వాల చేరాం. అమ్మవారి దగ్గర కొబ్బరికాయ కొట్టి నేరుగా మామ ఇంటికి పోయాం.

కుక్క దొడ్డి వెనక ఇనుప గొలుసుతో ఉంది. గొలుసు రాసుకొని మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి, పుండు పడి, మానిన చోట మళ్లీ పుండు పడింది. మమ్మల్ని చూసి మొరగలేదు, పళ్లు చూపించి గోడకు ఆనుకుంది. మామ అరుగు మీదినుంచే నవ్వి, "పనికి రాలె చెల్లె. కొడితె మాట ఇంటదనుకుంటి. ఉల్టా నన్నే కరిసింది" అన్నాడు. కొట్టానని చెప్పడానికి ఆయనకు ఏమీ అనిపించలేదు. అరుగు మీద పక్కనే కూర్చున్న నాన్న కూడా నవ్వాడు. అల్లుడు నవ్వితే నవ్వాలి కదా.

అమ్మ కుక్కకు దూరంగా నేల మీద కూర్చొని రొట్టె ముక్కలు విసురుతూ ఉంది. అత్త నీళ్ల బిందెతో వచ్చి పక్కన నిలబడింది. ఆమె ఎడమ చేతికి గాజులు లేవు, మణికట్టు మీద కమిలిన మచ్చ ఉంది. అమ్మ ఆ చేతిని చూస్తుంటే అత్త కొంగు దాని మీదికి లాక్కుంది. తర్వాత మెల్లగా అంది:

"కుక్కపిల్లనిచ్చెటందుకు గన్ని అడుగుతవు కద వదినె. నన్నిచ్చెటప్పుడు మాయన్న ఒక్క మాటన్న అడిగిండా?"

అత్త బిందె కింద దించింది.

"ముందటామె ఏమైందని అడిగిండా?"

మామకు అత్త రెండో భార్య. మొదటి ఆమె జరమొచ్చి పోయిందని పెళ్లి మాటల్లో వాళ్లు చెప్పారు. నాన్న తరి పొలం గట్టు మీద నడిచి, ప్రహరీ చూసి, సరే అని వచ్చాడు.

"జరం గాదు వదినె. బాయిల పడ్డది. ఎందుకు పడ్డదో గీ ఇంట్ల నాలుగొద్దులుంటె నీకు గూడ సమజైతది."

అమ్మ మొఖం అంత నల్లబడటం నేనెప్పుడూ చూడలేదు. అత్త పెళ్లి మాటలప్పుడు అమ్మ కూడా మా ఇంట్లోనే ఉంది. వంటింట్లో ఉంది. సంబంధాల దగ్గర కోడళ్లు నోరు తెరవకూడదు, అదో మర్యాద.

అమ్మ లేచి అరుగు దగ్గరకు పోయి, కుక్కను తీసుకుపోతానంది. "తీస్కపో చెల్లె, పీడ వోతది" అన్నాడు మామ. గొలుసు తానే విప్పించాడు. బండి కట్టాక అమ్మ నాన్నను పక్కకు పిలిచి, అత్త చెప్పిందంతా చెప్పింది. "ఆమెను గూడ తోల్కపోదాం" అంది.

నాన్న రుమాలుతో మొఖం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా. కుక్కంటే ఆయనే ఇడిసిండు. ఆడిబిడ్డను తోల్కపోతే నలుగుర్ల తలెట్లెత్తుకోవాలె. జర ఓపిక పడితె అన్ని సర్దుకుంటయి" అన్నాడు. ఓపిక పట్టాల్సింది ఆయన కాదు కనుక ఆ మాట ఆయనకు సులువుగానే వచ్చింది.

అమ్మ గడప దాకా వెనక్కి పోయింది. అత్త ఆమె చెయ్యి పట్టుకొని వదిలేసి, "పో వదినె, పొద్దు పోతది" అంది. మా అత్తను నేను చూడటం అదే ఆఖరు.

పుట్టిలో కుక్క అమ్మ ఒళ్లో వణుకుతూ పడుకుంది. నది సగం దాటాక నాన్న గొంతు సవరించుకొని, అందరికీ ఊరట కలిగే మాట ఏదో చెప్పాలన్నట్టు, "పోనీలే, కుక్కన్న దక్కె" అన్నాడు.

"అది కరిసింది గనక దక్కె" అంది అమ్మ. "నీ చెల్లె ఎవ్వరిని కరవలే."

నాన్న నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు.