గిద్దెడు మందు

మనవడి దగ్గుమందు సీసా మూతకు కొలత గీతలున్నాయి. మన ఈడు వాళ్ళకు గుర్తుందా, మోతాదు తెలియడానికి సీసాకు నిలువుగా అంటించే కాగితం ముక్క? ఆదోని ఇంకా బళ్ళారి జిల్లాలో ఉన్నప్పటి మాట. మా అక్క మందు సీసాకు కాంపౌండరు ఆ కాగితం అంటించలేదు. “పూటకొక ఔన్సు తాపించు” అన్నాడు.

“ఔన్సంటే ఎంతప్పా?” అని అమ్మ అడిగింది.

“సిన్న కొలతలేమ్మా, పో!”

మా ఇంట్లో చిన్న కొలత అంటే నూనె కొలిచే ఇత్తడి గిద్దే. అమ్మ దాన్ని చింతపండుతో తళతళా తోమి, నిండా మందు పోసి తాపింది. మూడో పూట తాగి పడుకున్న అక్క మళ్ళీ లేవలేదు.

ఖాళీ సీసా చూసి, గిద్దతో కొలిచానని అమ్మ చెబితే, కాంపౌండరు ఆమె మీద అరిచాడు. “గిద్దంటే రెండౌన్సులు గదమ్మా! అంత తాపినావా?”

అంటే ఆ లెక్క ఆయనకు తెలుసు. అమ్మ అడిగిన రోజు కూడా తెలుసు.